ఇంటర్ హాస్టల్లో బుద్ధిగా ఉన్నవాడు బీటెక్‌లో రాత్రి రెండింటిదాకా ఫోన్ ఎందుకు వదలడు?

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నని క్లుప్తంగా ఇక్కడ పెడుతున్నాను. మీ అబ్బాయి ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో ఫోన్ లేకుండా చదివాడు. మార్కులు బాగా వచ్చాయి. బీటెక్ మొదటి సంవత్సరంలో హాస్టల్‌కి వెళ్లాక రాత్రి రెండింటిదాకా ఫోనే. ఇంటికొస్తే ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. నెలకి మూడు నాలుగుసార్లు డబ్బులు అడుగుతున్నాడు. హాజరు 68 శాతమేనని కాలేజీ నుంచి మెసేజ్ వచ్చింది. తప్పు ఫోన్‌దా, స్నేహితులదా, ఫోన్ లాక్కోవాలా అని అడిగారు. చివర్లో ఒక్క వాక్యం: "పాప పదో తరగతి, దానికి ఫోన్ ఇవ్వలేదు కాబట్టి ఆ బాధ లేదు."

జవాబు ముందే చెప్పేస్తాను. ఫోన్ లాక్కోకండి, స్నేహితుల్ని తిట్టకండి. ఇంజనీరింగ్ కాలేజీలో కౌన్సెలర్‌గా చాలా ఏళ్లుగా ఈ వయసు పిల్లలతోనే నా పని. మీరు రెండుగా విడదీసి అడిగినవి వాళ్ల గదిలో విడివిడిగా లేవు. అర్ధరాత్రి వాడు ఫోన్‌లో చూసేది చాలావరకు పక్క మంచం మీదవాణ్ణి, పక్క బ్లాకు వాళ్లని, ఇంటర్ తర్వాత చెల్లాచెదురైన పాత బ్యాచ్‌ని. వాళ్లు తనని చూస్తున్నారన్న ధ్యాసే వాడి నిద్రనీ ఖర్చునీ మాట తీరునీ నడుపుతోంది.

ముందు ఇంటర్ సంగతి. ఆ రెండేళ్లు వాడికి క్రమశిక్షణ ఉందని మీరు అనుకుంటున్నారు. అది వార్డెన్‌ది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, స్టడీ అవర్ ఎప్పుడు ముగుస్తుందో అన్నీ బెల్లు చెప్పింది. ఇంటికి ఫోన్ కూడా వారానికోసారి, లైన్లో నిలబడి, వెనకవాడు తొందరపెడుతుంటే రెండు నిమిషాలు. పదహారు, పదిహేడేళ్ల వయసులో పిల్లలు తమ సమయాన్ని తాము నడుపుకోవడం కొంచెం కొంచెంగా, చిన్న చిన్న దెబ్బలు తింటూ నేర్చుకుంటారు. మనవాళ్లకి ఆ రెండేళ్లూ మూత పెట్టేసి, పద్దెనిమిదో ఏట ఒకే వారంలో కొత్త ఫోను, సొంత బ్యాంకు ఖాతా, యూపీఐ, తాళం లేని గది, అడిగేవాడు లేని రాత్రి అన్నీ చేతిలో పెడుతున్నాం. ర్యాంకు తెచ్చినందుకు బహుమతిగా ఫోన్ కొనిచ్చింది కూడా మనమే. (ఇది మీ ఒక్కరి మీద నింద కాదు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో, హైదరాబాద్ శివార్లలో ఇదే మామూలు దారి.)

2016 సెప్టెంబరుకి ముందు బీటెక్‌లో చేరినవాళ్లకి ఈ ఇబ్బంది ఇంత లేదు. వాళ్లేమీ బుద్ధిమంతులై కాదు. నెలకి ఒక జీబీ వేయించుకుని దాన్ని పొదుపుగా వాడుకునేవాళ్లు, అంతే. జియో వచ్చాక రోజుకి ఒకటిన్నర, రెండు జీబీల ప్యాక్‌లు మామూలైపోయాయి. ఇందులో పెద్దవాళ్లు గమనించని మెలిక ఒకటుంది. చాలా ప్యాక్‌లలో రోజు లెక్క అర్ధరాత్రి పన్నెండుకి మారుతుంది. మిగిలిన డేటా పన్నెండులోపు వాడకపోతే పోతుంది, పన్నెండు దాటగానే కొత్త కోటా మొదలవుతుంది. కొన్ని ప్యాక్‌లలో అయితే రాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా వాడింది లెక్కలోకే రాదు. హాస్టల్ పిల్లలు సినిమాలు దింపుకునేది, పెద్ద అప్‌డేట్లు పెట్టుకునేది ఆ వేళలోనే. పైగా ఈ వయసులో శరీరంలో నిద్ర గడియారం సహజంగానే ఒకటి రెండు గంటలు వెనక్కి జరుగుతుంది, పదకొండుకి నిజంగానే నిద్ర రాదు. మెలకువగా ఉన్న వయసుకి ఉచిత డేటా తోడైంది.

ఇక ఆ గదిలో రాత్రి ఏం జరుగుతుందో చెప్తాను. నలుగురు కలిసి బీజీఎంఐ (పబ్‌జీ లాంటి కాల్పుల ఫోన్ ఆట) ఆడుతున్నారనుకోండి. పెద్ద మ్యాప్‌లో ఒక మ్యాచ్ అరగంట పడుతుంది. "ఇంకొక్కటి రా" అంటే ఇంకో అరగంట. మధ్యలో లేచి పడుకుంటే మిగతా ముగ్గురూ ఓడిపోతారు, వాళ్ల ర్యాంకు పడిపోతుంది, మర్నాడు మెస్‌లో ఆ మాట వస్తుంది. పన్నెండయ్యేసరికి ఎవరిదో పుట్టినరోజు. కేకు కోయడం, మొహానికి పూయడం, వీడియో తీయడం, సరిగ్గా పన్నెండుకి స్టేటస్ పెట్టడం. పెట్టనివాడి పేరు గుర్తుంటుంది. ఆ తర్వాత క్లాస్ గ్రూపులో సీఆర్ (క్లాస్ ప్రతినిధి) రేపటి ల్యాబ్ రికార్డు ఫొటోలు పెడతాడు, అదీ పన్నెండున్నరకే. పదకొండుకి పడుకున్నవాడికి ఇవన్నీ పోతాయి. వాట్సాప్‌లో నీలం టిక్కులు 2014లో వచ్చాయి. అప్పటినుంచి "చూశావు, జవాబివ్వలేదు" అనేది ఒక నేరమైపోయింది. మీవాడు రెండింటికి పడుకోవడాన్ని మీరు సోమరితనం అంటున్నారు. ఆ గదిలో అది మర్యాద.

దీనికి శాస్త్రం వైపు నుంచి రెండు మాటలు. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టెయిన్‌బర్గ్ అనే మనస్తత్వవేత్తలు అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. సిగ్నల్ ఎర్రబడబోతుంటే కారు ఇంకా నడపాలా, ఆపాలా అనే ఆట. దాన్ని కొందరిచేత ఒంటరిగా, కొందరిచేత ఇద్దరు స్నేహితులు చూస్తుండగా ఆడించారు. స్నేహితులు పక్కనుంటే 13 నుంచి 16 ఏళ్ల వాళ్ల దుడుకుతనం సుమారు రెట్టింపైంది, 18 నుంచి 22 ఏళ్ల వాళ్లది సగం మేర పెరిగింది. 24 దాటినవాళ్లలో తేడా పెద్దగా లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు పిల్లలూ పెద్దలూ ఇంచుమించు ఒకేలా ఆడారు. మీవాడిది సరిగ్గా ఆ మధ్య వయసు.

2016లో కాలిఫోర్నియాలో లారెన్ షెర్మన్ బృందం ఇంకోటి చేసింది. 13 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, ఇన్‌స్టాగ్రామ్‌ని పోలిన తెర మీద ఫొటోలు చూపించారు. ఏ ఫొటోకి ఎన్ని లైకులు కనిపించాలో ముందే పరిశోధకులే పెట్టేశారు. ఒకే ఫొటోకి ఎక్కువ లైకులు కనిపిస్తే పిల్లలు తామూ లైక్ కొట్టారు, తక్కువ కనిపిస్తే దాటేశారు. సిగరెట్లు, మందు ఉన్న ఫొటోలకీ అదే తీరు. లైక్ ఇచ్చింది ఎవరో వాళ్లకి తెలియదు, అంకె మాత్రమే కనిపించింది. పాత ప్రయోగంలో ఇద్దరు స్నేహితులు గదిలో కూర్చోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ ఇద్దరూ జేబులోనే ఉంటారు.

యాప్‌ల అల్లికలో తప్పు లేదని నేననను. కిందికి లాగినకొద్దీ వస్తూనే ఉండే పేజీ, దానంతటదే మొదలయ్యే తర్వాతి వీడియో, ఎప్పుడు బాగుంటుందో తెలియక ఇంకోటి చూద్దాం అనిపించే వరస, ఇవన్నీ తెలిసి కట్టినవే. కానీ "డోపమైన్" (ఇంకా కావాలనిపించే మెదడు రసాయనం) అనే మాటని యూట్యూబ్ వక్తలు అరగదీసేశారు. "డిటాక్స్" పేరుతో రెండు రోజులు ఫోన్ పక్కన పెట్టించడం వల్ల మూడోరోజు రెట్టింపు చూడటం తప్ప నాకు వేరే ఫలితం కనిపించలేదు. తీసేస్తే ఏమవుతుందో దేశమంతా ఒకసారి చూసింది కూడా. 2020 జూన్ 29న టిక్‌టాక్ ఆపేశారు. పదిరోజుల్లోపే ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ మొదలుపెట్టింది, పిల్లలంతా అక్కడికి చేరారు. అదే సెప్టెంబరులో పబ్‌జీ ఆపేస్తే స్క్వాడ్లు చెదరలేదు, నలుగురూ కలిసి ఇంకో ఆటలోకి మారారు. మీరు ఫోన్ లాక్కుంటే వాడు రూమ్మేట్ పాత ఫోన్ తీసుకుంటాడు. అదనంగా మీ దగ్గర దాచడం నేర్చుకుంటాడు.

డబ్బు విషయానికి వద్దాం. మీ ప్రశ్నలో నాకు ముఖ్యమనిపించింది ఇదే, మీరేమో దాన్ని పక్కవాక్యంలో రాశారు. మా కాలంలో హోటల్‌కి వెళ్తే జేబులో ఉన్నది బల్ల మీద పెట్టేవాళ్లం. ఎవరి దగ్గర ఎంతుందో అందరికీ కనిపించేది, లేనివాడికి ఇంకొకడు కలిపేవాడు. ఇప్పుడు బిర్యానీ సెంటర్లో ఒకడు స్కాన్ చేసి మొత్తం కట్టేస్తాడు. రాత్రికి గ్రూపులో లెక్క వస్తుంది: "ఒక్కొక్కరికి 284, పంపండ్రా." తిన్నది రెండు ముద్దలైనా వాటా సమానం. పంపినవాళ్లు ఒక్కొక్కరే కింద స్క్రీన్‌షాట్ పెడతారు. చివరికి పెట్టనివాడు ఒక్కడే మిగులుతాడు, అందరికీ తెలుస్తుంది. "నా దగ్గర లేవు" అనే మాట బల్ల దగ్గర నవ్వుతూ అనగలం, గ్రూపులో టైప్ చేయడం కష్టం. అందుకే మీకు ఫోన్ వస్తుంది, అదీ ఐదు వేలు ఒకేసారి కాకుండా మూడొందలు, నాలుగొందలు, ఆరొందలు. పుట్టినరోజు వాటా, జాకెట్ వాటా, ఫెస్ట్ వాటా. వాడు దుబారా చేస్తున్నాడని నేననుకోను. బహుశా కాదనలేకపోతున్నాడు.

నెలకి ఇంత అని మాట్లాడుకుని ఒకే తేదీన వేయండి. నెల చివర్లో అయిపోతే అయిపోనివ్వండి, వాడు ఒక ట్రిప్పు మానుకోవడం నేర్చుకోవడానికి అదే అవకాశం. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ పెట్టి ప్రతి ఖర్చూ మీ ఫోన్‌లో చూసుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తారు. పద్దెనిమిది దాటినవాడికి అది వద్దు. టీ తాగినా నాన్నకి తెలుస్తుందంటే వాడు నగదు అప్పులు మొదలుపెడతాడు.

ఒక్క విషయంలో మాత్రం కళ్లు తెరిచి ఉండండి. అడిగే మొత్తాలు ఉన్నట్టుండి పెరిగినా, కారణాలు రోజుకొకటి మారినా, తెలియని నంబర్ల నుంచి మీకు ఫోన్లు వచ్చినా అది వాటాల సంగతి కాకపోవచ్చు. బెట్టింగ్ యాప్‌లు పిల్లల దగ్గరికి ప్రకటనల కంటే ఎక్కువగా స్నేహితుడి రిఫరల్ కోడ్ రూపంలో వస్తాయి. "నువ్వు చేరితే నాకూ వంద వస్తుంది" అని గదిలోవాడే అడుగుతాడు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. అయినా విదేశీ సైట్లూ టెలిగ్రామ్ ఛానెళ్లూ మిగిలే ఉన్నాయి, ఐపీఎల్ నెలల్లో మరీనూ. పోయింది పూడ్చుకోవడానికి లోన్ యాప్, ఆ యాప్ వాళ్లు కాంటాక్టుల్లో ఉన్నవాళ్లందరికీ మెసేజ్‌లు పెట్టి పరువు తీయడం, ఇది 2020 చివర్లో హైదరాబాద్‌లో కేసులు బయటపడినప్పటినుంచి అందరికీ తెలిసిన కథే. అలాంటిదేమైనా ఉంటే తిట్లు తర్వాత, ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. వాడు మీకు చెప్పాలంటే, చెప్పినా ఇంట్లో కొంప మునగదని వాడికి ముందే తెలిసి ఉండాలి.

హీరోల ఎడిట్లు, అభిమానుల తిట్లు, కులం పేరుతో స్టేటస్‌లు కూడా మీ కంటపడే ఉంటాయి. పూర్వం ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టించినవాడు ఇప్పుడు రీల్ కడుతున్నాడు. ఇందులో కొత్త ఏమిటంటే, ఫ్లెక్సీ వారం రోజుల్లో చిరిగిపోయేది, రీల్ కింద తిట్టింది ప్లేస్‌మెంట్ నాటికి కూడా ఉంటుంది. ఈ ఒక్క ముక్క చెప్తే పిల్లలకి ఎక్కుతుంది, నీతి చెప్తే ఎక్కదు.

ఇంట్లో ముక్తసరిగా మాట్లాడటం గురించి. మనం వాళ్లని అడిగేవి ఎన్ని ప్రశ్నలో ఓసారి లెక్కేసుకోండి. తిన్నావా, ఎన్ని మార్కులు, హాజరు ఎంత. మూడింటికీ ఒక్క మాటలో జవాబు వస్తుంది. అది అయ్యాక నాన్న సోఫాలో కూర్చుని రాజకీయ విశ్లేషణ వీడియో ఫుల్ సౌండ్‌లో పెట్టుకుంటాడు, అమ్మ బంధువుల గ్రూపులో గుడ్ మార్నింగ్‌లకి జవాబులు పెడుతుంది. పిల్లవాడు తన గదిలోకి పోతాడు. ఇంట్లో అందరూ చేసేదే వాడూ చేస్తున్నాడు.

మరి ఏం చేయాలి? పండక్కి ఇంటికొచ్చినప్పుడు ఎక్కడికైనా బండి మీదో కారులోనో ఇద్దరే వెళ్లండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే అది విచారణ అవుతుంది. గది గురించి అడగండి: ఎవరెవరు ఉంటారు, లైటు ఎప్పుడు ఆర్పుతారు, ముందు పడుకునేది ఎవరు, వాణ్ణి ఏమని ఏడిపిస్తారు. అక్కడినుంచి వాడే చెప్తాడు. తర్వాత, వాడు ఒప్పుకుంటేనే, వాడి ఫోన్‌లో వాడకం లెక్క చూపించే డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి వాడినే చదివి వినిపించమనండి, మీ ఫోన్‌లోది మీరూ చదవండి. మొత్తం గంటల్ని పట్టించుకోకండి, అందులో క్లాసు వీడియోలు కూడా ఉంటాయి. చూడాల్సింది రెండే. రోజుకి ఎన్నిసార్లు అన్‌లాక్ చేశాడు, ఏ యాప్ నుంచి ఎక్కువ నోటిఫికేషన్లు వచ్చాయి. అన్‌లాక్‌లు వందల్లో ఉండి, నోటిఫికేషన్లలో వాట్సాప్ లాంటి ఒకటి రెండు యాప్‌లే ముందుంటే, వాణ్ణి పిలుస్తున్న గ్రూపులేవో ఆ యాప్ తెరిస్తే వాడికే కనిపిస్తుంది. ఆ గ్రూపుల్ని మ్యూట్ చేయడం ఫోన్ మానేయడం కంటే చాలా తేలిక, ఎవరికీ తెలియదు కూడా.

అసలు మందు గదిలోనే ఉంది. ఒక్కడే మారాలంటే మిగతా ముగ్గురి ముందు చులకనవుతాడు. నలుగురూ కలిసి "పదకొండున్నరకి చివరి మ్యాచ్" అనుకుంటే ఎవరికీ చిన్నతనం లేదు. ఛార్జర్లన్నీ తలుపు పక్క ప్లగ్గు దగ్గరే పెట్టుకునే గదులు మా హాస్టల్లో ఉన్నాయి, వాళ్లకి ఎవరూ లెక్చర్ ఇవ్వలేదు, పరీక్షలో ఒకడికి దెబ్బ తగిలాక వాళ్లే పెట్టుకున్నారు. అలా కుదరని గదైతే వచ్చే ఏడాది గది మార్చుకోమనండి. పొద్దున ఆరింటికి లేవడానికి వాడికంటూ ఒక కారణం ఉంటే ఇంకా మంచిది. వాలీబాల్ టీమో, ఎన్‌సీసీయో. అక్కడ కూడా వాడికోసం ఎదురుచూసే గుంపు ఉంటుంది, రాత్రి గుంపుకి పోటీ ఇవ్వగలిగేది అదే.

నిద్ర లేకపోవడంతో పాటు తిండి మానేయడం, స్నేహితులతో కూడా మాట్లాడకపోవడం, బతుకు మీద విసుగు మాటలు కనిపిస్తే మాత్రం ఇవేవీ సరిపోవు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ఫోన్, గేమింగ్ సమస్యలకే 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. మీరు రాసినదాన్నిబట్టి మీవాడికి అంతదాకా అవసరం కనిపించడం లేదు.

ఇప్పుడు పాప. "ఫోన్ ఇవ్వలేదు కాబట్టి బాధ లేదు" అన్నారే, అక్కడే నాకు అనుమానం. గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్ల మీద 2023లో చేసిన అసర్ అనే విద్యా సర్వేలో, స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతం. అంటే వాడటం వచ్చిన అమ్మాయిల్లో ఎక్కువమంది వేరేవాళ్ల ఫోన్లలోనే వాడుతున్నారు. అమ్మ ఫోన్‌లో, అన్న ఫోన్‌లో, స్నేహితురాలి ఫోన్‌లో. అమ్మ ఫోన్‌లో తెరిచిన ఖాతాని పెద్దవాళ్లదే అని యాప్ అనుకుంటుంది. 18 లోపు వాళ్ల కోసం ఇన్‌స్టాగ్రామ్ పెట్టిన టీన్ ఖాతాలో రాత్రి పదికి నోటిఫికేషన్లు ఆగిపోతాయి, తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు. దొంగతనంగా వాడే పిల్లకి ఆ రక్షణ దొరకదు. ఎవడైనా ఫొటో అడిగి బెదిరించినా ఇంట్లో చెప్పలేదు, ఎందుకంటే అసలు తనకి ఖాతా ఉండకూడదు కదా. అబ్బాయికి ర్యాంకు రాగానే ఫోను, అమ్మాయికి పెళ్లయ్యేదాకా అనుమానం, ఈ పద్ధతి వల్ల మా కాలేజీకి వచ్చే ఆడపిల్లలు ఫోన్‌ని బోర్లా పెట్టడం, రెండు ఖాతాలు నడపడం ముందే నేర్చుకుని వస్తున్నారు. పది పరీక్షలయ్యాక సెలవుల్లో, మీ కళ్లెదుట, తన పేరుతో, తన అసలు వయసుతో ఖాతా తెరిపించండి. తప్పులు మీ ఇంట్లో ఉండగానే చేయనివ్వండి. అన్నని పెట్టినట్టు దీన్ని రెండేళ్లు మూత పెట్టే కాలేజీలో వేస్తారో లేదో కూడా ఇప్పుడే ఆలోచించుకోండి.

చివరగా ఆ 68 శాతం. మీరు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే, ఎందుకంటే దీనికి గడువుంది. జేఎన్‌టీయూ నిబంధనల్లో 75 శాతం కావాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే తగిన కారణం, వైద్య ధ్రువపత్రం చూపి, రుసుము కట్టి కండొనేషన్ (తగ్గిన హాజరుకి మినహాయింపు) అడగొచ్చు. 65 దిగితే ఆ సెమిస్టర్ డిటెన్షనే, మళ్లీ చదవాలి. అటానమస్ కాలేజీల్లోనూ చాలాచోట్ల ఇదే తీరు. మీవాడికి చేతిలో ఉన్నది మూడు శాతం. ఈ వారంలోనే కాలేజీకి వెళ్లండి, వాణ్ణి వెంటబెట్టుకునే వాడి మెంటర్‌ని కలవండి, పోయినవి ఏ పీరియడ్లో సబ్జెక్టుల వారీగా అడగండి. అన్నీ మొదటి గంటవే అయితే సమస్య నిద్రది, పైన చెప్పిందే దారి. మధ్యాహ్నం ల్యాబులు కూడా పోతుంటే వాడు ఇంకెక్కడికో వెళ్తున్నాడు, లేదా ఆ సబ్జెక్టు అర్థంకాక తప్పించుకుంటున్నాడు. అప్పుడు మళ్లీ ఇక్కడ రాయండి, దానికి జవాబు వేరే.